ఎండాకాలం నెల్లూరు నుంచి ఒంగోలుకు: ఎకో మోడ్, ఏసీ ఎలా పెట్టుకుంటే ఛార్జింగ్ మిగులుతుంది?

కొత్త_బండి_నెల్లూరు:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. 25 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) బ్యాటరీ ఉన్న చిన్న ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాం. ఊళ్లో తిరగడానికి చాలా బాగుంది, ఏ ఇబ్బందీ లేదు. సమస్యల్లా ఒంగోలు వెళ్లేటప్పుడే. మా అక్కావాళ్లు అక్కడుంటారు, నెలలో ఒకటి రెండుసార్లైనా నాయన్నీ అమ్మనీ తీసుకెళ్లాలి. మా ఇంటి నుంచి వాళ్లింటికి 120 కిలోమీటర్ల పైచిలుకు. హైవే మీద 95, 100లో పోతుంటే కావలి దాటేసరికే శాతం గబగబా పడిపోతుంది, టెన్షన్ పడి ఏసీ ఆపేస్తాను. ఇక వెనక సీట్లో నాయనకు చెమటలు. ఆయనకు డెబ్బై దాటాయి, బీపీ కూడా ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో ఆయన్ని అలా కూర్చోబెట్టడం నాకు మనసొప్పడం లేదు.

ఏసీ బటన్ నొక్కగానే స్క్రీన్ మీద రేంజ్ టక్కున పదీ పదిహేను కిలోమీటర్లు తగ్గిపోతుంది, అది చూస్తే గుండె గుభేలుమంటుంది. నా ప్రశ్నలు ఇవీ. ఎకో మోడ్‌లో పెడితే నిజంగా ఎంత మిగులుతుంది? ఏసీ ఎంతలో పెట్టాలి, 18లో పెట్టి కాసేపు చల్లబడ్డాక ఆపేసి మళ్లీ వేస్తే మంచిదా, లేక 26లో పెట్టి వదిలేయాలా? రీజెన్ (కాలు తీసినప్పుడు మోటారే బండిని ఆపుతూ కరెంటుని తిరిగి బ్యాటరీకి ఎక్కించేది) లెవెల్ హైవే మీద ఎంత ఉండాలి? దారిలో ఛార్జింగ్‌కి ఆగకుండా, ఏసీ వేసుకుని, ఒంగోలు చేరాలి. అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పెన్నా_గట్టు:

తమ్ముడూ, ముందు ఏసీ ఆపడం మానెయ్. నీ ఛార్జింగ్ తింటున్నది ఏసీ కాదు, స్పీడు.

లెక్క చెప్తాను చూడు. గాలి బండిని వెనక్కి నెట్టే బలం స్పీడుకు వర్గంలో పెరుగుతుంది. అంటే 80 నుంచి 100కి పోతే స్పీడు పెరిగేది నాలుగో వంతే, గాలి అడ్డం మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మన చిన్న ఎస్‌యూవీ సైజు బండ్లకు, చదును రోడ్డు మీద, ఏసీ కాకుండా, 80లో కిలోమీటరుకు సుమారు 120 వాట్ అవర్లు (వెయ్యి వాట్ అవర్లంటే ఒక యూనిట్) పడితే, 100లో సుమారు 160 పడతాయి. బండిని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది కానీ తేడా మాత్రం ఈ మాదిరే. 120 కిలోమీటర్లకు లెక్కేసుకో. 80లో పోతే 14 యూనిట్ల పైచిలుకు, 100లో పోతే 19 పైచిలుకు. స్పీడు ఒక్కటి తగ్గిస్తే నీకు మిగిలేది దాదాపు 5 యూనిట్లు.

ఇప్పుడు ఏసీ సంగతి. ఎండలో నిలబెట్టిన బండి ఎక్కగానే మొదటి పది నిమిషాలు కంప్రెసర్ గట్టిగా లాగుతుంది, 2 కిలోవాట్లు, ఒక్కోసారి ఇంకా పైకి. లోపల చల్లబడ్డాక ముప్పావు కిలోవాటు నుంచి ఒక కిలోవాటు దగ్గర నిలబడుతుంది. గంటన్నర ప్రయాణానికి మొత్తం సుమారు ఒకటిన్నర యూనిట్లు. అంటే దారి పొడుగునా నాయన్ని చెమటల్లో కూర్చోబెట్టి నువ్వు మిగిల్చుకునేది పది పన్నెండు కిలోమీటర్లకు సరిపడా కరెంటు. అదే 100 నుంచి 80కి దిగితే ముప్పై కిలోమీటర్ల పైనే మిగులుతుంది. 120 కిలోమీటర్లు 100లో అయితే 72 నిమిషాలు, 80లో అయితే 90 నిమిషాలు. తేడా 18 నిమిషాలు. పెద్దాయన ఆరోగ్యం కంటే ఆ 18 నిమిషాలు ఎక్కువ కాదు కదా.

స్క్రీన్ మీద రేంజ్ టక్కున పడిందని భయపడొద్దు. అది బ్యాటరీలోంచి పోయిన కరెంటు కాదు. ఏసీ ఇలాగే నడుస్తూ ఉంటే ఇకమీదట ఎంత దూరం వస్తుందో బండి మళ్లీ వేసుకున్న లెక్క, అంతే. అసలా కిలోమీటర్ల అంకె నువ్వు ఇంతకుముందు నడిపిన తీరును బట్టి మారుతూ ఉంటుంది. నెల్లూరు ట్రాఫిక్‌లో మెల్లగా తిరిగి హైవే ఎక్కితే ఎక్కువ చూపిస్తుంది, హైవే దిగి ఊళ్లోకొస్తే తక్కువ చూపిస్తుంది. శాతం చూసుకో, ట్రిప్ మీటర్‌లో కిలోమీటరుకు ఎన్ని వాట్ అవర్లు పడుతున్నాయో చూసుకో. ఆ రెండూ చాలు. కంపెనీ రేంజ్‌ని ఇక్కడ అసలు లెక్కలోకి తీసుకోవద్దు. ఆ పరీక్ష ల్యాబ్‌లో ఏసీ లేకుండా చేసేది, అందులో గరిష్ఠ వేగమే 90, అదీ కాసేపే.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఏసీ ఖర్చు గంటలను బట్టి ఉంటుంది, కిలోమీటర్లను బట్టి కాదు. ట్రంక్ రోడ్డు ట్రాఫిక్‌లో గంటకు 20లో పాకుతుంటే ఒక కిలోవాటు ఏసీ కిలోమీటరుకు 50 వాట్ అవర్లు తింటుంది, హైవే మీద 80లో అదే ఏసీ 12 చిల్లరే. కాబట్టి ఏసీ విషయంలో పొదుపు చూసుకోవాల్సింది ఊళ్లో. హైవే మీద నిశ్చింతగా వేసుకో.

టోల్_గేట్_రాజు:

పైన అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నేను ఎలక్ట్రిక్ బండిలోనే కిరాయిలు తిప్పుతాను, ఎక్కువగా గూడూరు, నెల్లూరు, కావలి, ఒంగోలు లైను. ఎకో మోడ్ గురించి నాకు తెలిసింది చెప్తాను బ్రో.

ఎకో పెట్టినంత మాత్రాన బ్యాటరీలో కరెంటు పెరగదు. అది చేసేదల్లా యాక్సిలరేటర్‌ని మెత్తన చేయడం. అదే కాలి ఒత్తిడికి మోటారు తక్కువ లాగుతుంది. కొన్ని బండ్లలో గరిష్ఠ స్పీడు తగ్గిస్తుంది, ఇంకొన్నింటిలో ఏసీ కంప్రెసర్‌ని కూడా కాస్త అదుపులో పెడుతుంది, నీ బండిలో ఏముందో మాన్యువల్‌లో చూడు. ఊళ్లో ఆగుతూ సాగుతూ పోయేటప్పుడు ఎకో బాగా పనికొస్తుంది, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కేవాళ్లకు ఇంకా బాగా. హైవే మీద క్రూయిజ్‌లో (స్పీడు దానంతటదే ఒకేలా నిలిపే సెట్టింగ్) 80 పెట్టి పోతుంటే ఎకో అయినా నార్మల్ అయినా దాదాపు ఒకటే, ఎందుకంటే 80లో గాలిని చీల్చడానికి కావలసిన బలం మోడ్ మార్చితే మారదు.

ఒక్క జాగ్రత్త. లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఎకోలో తొక్కితే బండి ఒక క్షణం ఆలస్యంగా అందుకుంటుంది. సింగిల్ రోడ్డు మీద అది ప్రమాదం. అక్కడ నార్మల్‌లో పెట్టుకో, పావు యూనిట్ కోసం రిస్కు చేయొద్దు.

రీజెన్ అయితే, హైవే మీద తక్కువ లెవెల్ పెట్టి కాలు తీయగానే బండిని జారనివ్వు. బ్రేకులో పట్టిన శక్తి అంతా వెనక్కి రాదు, మోటారు, ఇన్వర్టర్, బ్యాటరీ అన్నీ కలిసి మూడో వంతు దాకా మధ్యలోనే పోతుంది. పట్టి మళ్లీ వాడేకంటే ఉన్న ఊపుని అలాగే వాడుకోవడం మేలు. ముసునూరు టోల్ కనిపించగానే దూరం నుంచే కాలు తీస్తే బండి దానంతటదే మెల్లబడుతుంది, చివర్లో కాస్త రీజెన్ తగిలితే చాలు. ఊళ్లో మాత్రం ఎక్కువ లెవెల్ పెట్టు. ఆత్మకూరు బస్టాండ్ దగ్గర ట్రాఫిక్‌లో బ్రేకు పెడల్ మీద కాలు పెట్టే పనే తక్కువ అవుతుంది.

ఇంట్లో 100 శాతం నింపి బయల్దేరితే మొదట కొన్ని కిలోమీటర్లు రీజెన్ సరిగా పట్టదు, నిండిన బ్యాటరీలోకి ఇంకా ఎక్కించే చోటుండదు. బండి చెడిపోయిందని కంగారు పడొద్దు, బ్రేకు మీద మాత్రం కాలు సిద్ధంగా ఉంచుకో.

కావలి_అమ్మాయి:

ఏసీ గురించి నేను చెప్తాను, మా ఇంట్లో చిన్నపిల్లలున్నారు కాబట్టి ఇదంతా బాగా గమనించాను.

18లో పెట్టి ఆపడం, మళ్లీ వేయడం అనవసరమండీ. ఆటోమేటిక్ ఏసీలో 18 పెడితే త్వరగా చల్లబడుతుందనుకుంటారు కానీ ఎండలో నిలబెట్టిన బండిలో మొదట్లో 24 పెట్టినా కంప్రెసర్ గట్టిగానే పనిచేస్తుంది. తేడా తర్వాత వస్తుంది. 18 పెడితే అది ఎప్పటికీ అందుకోలేక పూర్తి బలంతో తిరుగుతూనే ఉంటుంది. మన ఎండలకు 25 లేదా 26లో పెట్టి, బ్లోయర్ ఒక పాయింట్ పెంచండి. బ్లోయర్‌కి పట్టే కరెంటు కంప్రెసర్‌తో పోలిస్తే చాలా తక్కువ. ఒంటికి గాలి తగులుతుంటే 26 కూడా హాయిగానే ఉంటుంది. మన సముద్రం పక్క ఊళ్లలో ఉక్క కూడా ఉంటుంది కదా, ఆ తేమను తీయడానికే కంప్రెసర్‌కి సగం పని. అందుకే లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కి ఉంచాలి, లేకపోతే బయట నుంచి వేడీ తేమా కొత్తగా వస్తూనే ఉంటాయి. కాకపోతే నలుగురైదుగురు కూర్చున్న బండిలో అది గంటల తరబడి వేసి ఉంచితే గాలి బరువెక్కి నిద్రమత్తు వస్తుంది. అరగంటకోసారి రెండు నిమిషాలు బయటి గాలి రానివ్వండి, ముఖ్యంగా డ్రైవింగ్ చేసేవాళ్ల కోసం.

బయల్దేరే ముందు, బండి ఇంకా ఛార్జింగ్ ప్లగ్‌కి ఉండగానే, ఫోన్ యాప్‌లోంచి ఏసీ వేసి పావుగంట చల్లబరచండి. మీ బండిలో ఆ సౌకర్యం ఉంటే అంతకు మించినది లేదు. మొదట్లో పట్టే ఆ ఎక్కువ కరెంటంతా ఇంటి మీటర్ నుంచి పోతుంది, బ్యాటరీ నిండుగా ఉంటుంది, సీటు కూడా చల్లగా ఉంటుంది. యాప్ లేకపోతే ఒకరు వెళ్లి ముందే ఆన్ చేసినా సరే. తిరిగి వచ్చేటప్పుడు ఎండలో నిలిపిన బండి అయితే ఎక్కగానే ఏసీ వేయకండి, నాలుగు డోర్లూ ఒక నిమిషం తెరిచి ఆ వేడి బయటికి పోనివ్వండి. ఎండలో మూసిన బండి లోపల 50 డిగ్రీలు దాటిపోతుంది, బయట 42 ఉన్నా సరే ఆ గాలే నయం.

ఇంకో మాట, నాన్నగారిని ఎడమ పక్క కూర్చోబెట్టండి. నెల్లూరు నుంచి ఒంగోలు అంటే ఉత్తరానికి పోవడం. పొద్దున పోతే ఎండ కుడి పక్కన పడుతుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు దక్షిణానికి వస్తారు, అప్పుడు పడమటి ఎండ కూడా కుడి పక్కకే. రెండు పూటలా ఎడమ పక్కే నీడ. వెనక ఏసీ వెంట్లు లేకపోతే ముందు మధ్య వెంట్లు రెండూ కాస్త పైకి తిప్పి సీట్ల మధ్య నుంచి వెనక్కి పోయేలా పెట్టండి. పెద్దవాళ్లకు గాలి నేరుగా మొహం మీద కొడితే పడదు, పై నుంచి దిగితే ఇబ్బంది ఉండదు.

కొత్త_బండి_నెల్లూరు:

అక్కా, ఎడమ పక్క సంగతి ఎంత మంచి మాట చెప్పారు, నిజంగా థాంక్స్. పెన్నా గట్టు అన్నా, రాజు బ్రో, మీకూ. ఇంకో మూడు అడగాలి. అద్దాలు దించుకుని పోతే ఎలా ఉంటుంది, ఏసీ కన్నా మేలేనా? వీడియోల్లో సీటు హీటర్ వాడండి, క్యాబిన్ హీటర్ ఆపండి అంటున్నారు, అది మనకు వర్తిస్తుందా? టైర్లలో గాలి ఎంత ఉండాలి?

పెన్నా_గట్టు:

సాయంత్రం చల్లబడ్డాక ఊళ్లో స్పీడు 40 లోపు అయితే అద్దాలు దించుకో, హాయిగా ఉంటుంది, కరెంటు ఖర్చు లేదు. హైవే మీద వద్దు. అద్దాలు తెరిస్తే గాలి లోపలికి చొరబడి బండిని వెనక్కి లాగుతుంది, పైగా మే నెలలో వడగాలి మొహాన కొడుతుంటే వయసు మళ్లిన మనిషికి వడదెబ్బే తగులుతుంది.

ఆ హీటర్ వీడియోలు చలి దేశాల వాళ్లవి. అక్కడ క్యాబిన్ వేడి చేయడానికి 3 నుంచి 5 కిలోవాట్లు కూడా పడుతుంది, అందుకే సీటు హీటర్ మేలంటారు. మనకు ఆ బాధ లేదు. కానీ నీ బండిలో గాలి ఆడే సీట్లు ఉంటే వాడుకో. చిన్న ఫ్యాన్లు కాబట్టి వాటికి పట్టేది నామమాత్రం, వీపుకు చెమట పట్టకపోతే ఏసీ రెండు డిగ్రీలు పైన పెట్టినా తెలియదు. పాటలు, లైట్లు, ఫోన్ ఛార్జింగ్ ఆపడం వల్ల ఒరిగేదేమీ లేదు, అన్నీ కలిపినా ఏసీతో పోలిస్తే చాలా తక్కువ. రాత్రి పూట లైట్లు తగ్గించి నడపడం లాంటివి మాత్రం చేయకు.

టైర్ల విషయం మాత్రం శ్రద్ధగా చూడు. డ్రైవర్ డోరు తెరిస్తే పక్క పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది, ఇద్దరు కూర్చుంటే ఎంత, నిండా మనుషులుంటే ఎంత అని విడివిడిగా రాసి ఉంటుంది. మన బంకుల్లో గాలి పట్టే కుర్రాడు ఏ బండి వచ్చినా అడక్కుండా 30 కొట్టేస్తాడు. ఎలక్ట్రిక్ బండి బ్యాటరీ వల్ల బరువెక్కువ, చాలావాటికి అంతకన్నా ఎక్కువే కావాలి. దిగి, స్టిక్కర్ చూపించి, అంకె చెప్పి పట్టించుకో. అదీ పొద్దున్నే, టైరు చల్లగా ఉండగా. మధ్యాహ్నం హైవే దిగి వేడి టైర్లో చూస్తే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి గాలి తీయించొద్దు.

పైన క్యారియర్ ఉంటే విప్పేయ్. ఉలవపాడు దగ్గర మామిడికాయల పెట్టెలు కొంటే డిక్కీలో పెట్టు, పైన కట్టకు. బరువు కన్నా గాలికి అడ్డం పడడమే ఎక్కువ నష్టం.

ఒంగోలు_వైరింగ్:

అందరూ బాగా చెప్పారు, ఒకటి మిగిలింది. ఎండలో హైవే మీద వచ్చి ఫాస్ట్ ఛార్జర్ పెట్టాక ఏసీ సరిగా చల్లగా లేదని చాలామంది నన్ను అడుగుతుంటారు. లిక్విడ్ కూలింగ్ ఉన్న బండ్లలో బ్యాటరీని చల్లబరిచేది కూడా అదే కంప్రెసర్. బ్యాటరీ వేడెక్కినప్పుడు దానికి కొంత వాటా పోతుంది, క్యాబిన్‌కి తగ్గుతుంది. కాసేపటికి అదే సర్దుకుంటుంది. ఆ టైంలో పెద్దవాళ్లను లోపల కూర్చోబెట్టకుండా నీడలో కూర్చోబెడితే మంచిది.

వానాకాలం సంగతి కూడా ఇప్పుడే చెప్తాను, మన జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వానలు బాగా పడతాయి కదా. అప్పుడు కరెంటు మిగుల్తుందని ఏసీ ఆపి లోపలి గాలి తిప్పితే అద్దం లోపల పొగమంచులా పట్టేసి రోడ్డు కనపడదు. వానలో ఏసీ వేసే ఉంచండి, గాలి బయట నుంచి రానివ్వండి, ఉష్ణోగ్రత 26, 27కి పెంచండి. తేమ పోతుంది, కంప్రెసర్‌కి పని తక్కువ. తడి రోడ్డు మీద టైర్లు నీళ్లను తోసుకుంటూ పోవాలి కాబట్టి ఖర్చు కాస్త పెరుగుతుంది, అది మామూలే.

మార్కాపురం_పలక:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మాకు ఒంగోలు నుంచి చీమకుర్తి, పొదిలి మీదుగా మార్కాపురం రావాలి, 19 యూనిట్ల బ్యాటరీ. ఒంగోలు పోయేటప్పుడు బాగానే ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు మాత్రం అదే దూరానికి ఎక్కువ శాతం పోతుంది. స్పీడు ఒకటే, ఏసీ ఒకటే. బ్యాటరీలో ఏమైనా తేడా వచ్చిందా?

పెన్నా_గట్టు:

బ్యాటరీకి ఏం కాలేదండీ. మీరు తిరిగొచ్చేది పడమరకు. ఎండాకాలం మధ్యాహ్నాలు పడమటి గాలి తోలుతుంటే అది మీకు నేరుగా ఎదురు. ఎదురుగాలికి సైకిల్ తొక్కినవాళ్లందరికీ ఆ బరువు తెలుసు. మీరు 70లో పోతుంటే ఎదురుగాలి 20 ఉందనుకోండి, గాలి అడ్డం వరకు బండి 90లో పోతున్నట్టే లెక్క, అంటే ఒకటిన్నర రెట్ల పైమాటే. దానికి తోడు మార్కాపురం ఒంగోలు కన్నా 100 మీటర్లకు పైనే ఎత్తు. బండీ మనుషులూ కలిపి 1,500 కిలోలు ఉంటే ప్రతి 100 మీటర్లు ఎక్కడానికి 0.4 యూనిట్ పోతుంది, చిన్న బ్యాటరీలో అది కనిపిస్తుంది. పోయేటప్పుడు అదే మీకు కలిసొస్తుంది.

వీలైతే ఒంగోలులో పొద్దున్నే బయల్దేరండి, గాలి ఇంకా లేవదు, ఏసీకి కూడా పని తక్కువ. మధ్యాహ్నమే రావాల్సి వస్తే 60, 65కి దిగండి, ఎకో పెట్టండి, ఏసీ 26లో ఉంచండి. చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీల వెనక గాలి తగలదని దగ్గరగా అంటుకుని పోకండి, కొంతమంది చెప్తుంటారు, బండ రాళ్లు మోసే లారీ వెనక అది ప్రాణాలతో చెలగాటం. పొదిలి దాదాపు సగం దారి. అక్కడ శాతం చూసుకోండి, బయల్దేరినప్పుడు ఉన్నదాంట్లో సగానికి పైగా అక్కడికే అయిపోయి ఉంటే స్పీడు ఇంకో ఐదు తగ్గించి నడపండి.

మార్కాపురం_పలక:

గాలి సంగతి ఎప్పుడూ తట్టలేదు సార్. ఆదివారం పొద్దున ఆరింటికే ఒంగోలులో బయల్దేరుతున్నాం, ఎంత పట్టిందో ట్రిప్ మీటర్ ఫొటో ఇక్కడే పెడతాను.